పడుగు ఏది, పేక ఏది?

(షోలాపురంలోని మన పాఠశాల అమృతోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేళ్ళ పండుగనాడు ప్రధానోపాధ్యాయిని మాట్లాడవలసినది పాఠశాల ప్రగతిని గురించి. ఉత్తీర్ణతల వివరాలు, గదుల సంఖ్య, గ్రంథాలయంలోని పుస్తకాల లెక్క అన్నీ కార్యదర్శిగారు చదివిన నివేదికలో వచ్చినవి. వాటిని మళ్ళీ వల్లించి మీ సమయాన్ని వృథా చేయను. నాకు ఇచ్చిన ఇరవై నిమిషాలలో ఒకే ఒక్క విషయాన్ని మీ ముందుంచుతాను. అది మే నెలలో మన బడి ఆవరణలోనే పిల్లలను ఉంచి నడుపుతున్న హస్తకళా శిబిరం. దానిని ఇకమీదట కొనసాగించాలా, మానివేసి ఆ మూడు వారాలూ ప్రవేశ పరీక్షల శిక్షణకు కేటాయించాలా అన్న ప్రశ్న మొన్నటి తల్లిదండ్రుల సమావేశంలో వచ్చినది. అడిగినవారి మీద నాకు కోపం లేదు. అడగవలసిన ప్రశ్నే అడిగారు.

ముందుగా నా అజ్ఞానాన్ని ఒకదానిని ఒప్పుకోవాలి. నేను ఈ బడిలో తెలుగు ఉపాధ్యాయినిగా చేరినది మొదలు ఇరవై ఏళ్ళకు పైగా 'పడుగు పేకల వలె' అన్న ఉపమానాన్ని తరగతిలో వివరిస్తూ వచ్చాను. కథలోని రెండు ఇతివృత్తాలు పడుగు పేకల వలె కలిసిపోయినవని, భావమూ భాషా పడుగు పేకల వలె అల్లుకున్నవని నల్లబల్ల మీద వ్రాసి పిల్లల చేత వ్రాయించాను. ఒకనాడు తొమ్మిదవ తరగతి కుర్రవాడు లేచి, "బాయీ, పడుగు ఏది, పేక ఏది?" అని అడిగాడు. నిలువుగా ఉండేది ఒకటి, అడ్డంగా ఉండేది ఒకటి అన్నాను. "ఏది నిలువు బాయీ?" అన్నాడు. నేను తడబడ్డాను. పుస్తకం చూసి రేపు చెబుతానన్నాను.

మా తాతగారు గుంటమగ్గం మీద నేసినవారు. మా నాన్నగారు చిన్నతనంలో చేతిమగ్గం మీద నేసి, పెళ్ళినాటికి మరమగ్గానికి మారినవారు. మా అమ్మ బీడీలు చుట్టేది. నేను బడినుంచి వచ్చి తూనికాకు కత్తిరించి ఇచ్చేదాన్ని. పరీక్షల రోజులలో కూడా నా వేళ్ళు పొగాకు వాసన వేసేవి. పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకుంటుందేమోనని చేతులను బల్ల కింద దాచుకొనేదాన్ని. చదువుకొని ఉద్యోగం సంపాదించడమంటే ఆ చేతులనుంచి తప్పించుకోవడమని నాకు తెలియకుండానే అనుకున్నాను. తప్పించుకున్నాను కూడా. ఎంతగా తప్పించుకున్నానంటే, మగ్గాల సందులో పుట్టి పెరిగిన తెలుగు పంతులమ్మకు పడుగు ఏదో తెలియనంతగా.

ఆ సాయంత్రం మా నాన్నగారిని అడిగాను. ఆయన నవ్వలేదు. ఒంటిమీది తువ్వాలు తీసి, పీచు పట్టి చూపించారు. పొడుగునా మగ్గానికి ముందే బిగించి ఉండేది పడుగు. నాడెలో కూర్చుని ఆ వైపునుంచి ఈ వైపుకు తిరిగేది పేక. "పడుగు గట్టిగ ఉండాలె, దాన్ని గుంజుతరు గద. పేక మెత్తగున్నా నడుస్తది" అన్నారు. ఆ ఒక్క వాక్యంతో నేను ఇరవై ఏళ్ళుగా చెబుతూ వచ్చిన ఉపమానానికి అర్థం కలిగింది. పడుగూ పేకా సమానమైనవి కావు. ఒకటి భారం మోసేది, మరొకటి కదిలేది. ఈ సంగతి నా నోటు పుస్తకాలలో ఎక్కడా లేదు.

శిబిరానికి బీజం అక్కడ పడినది.

మన ఊరి చరిత్ర ఈ సభలో చాలామందికి నాకంటె బాగా తెలుసు. నిజాం ఇలాకాలోని కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు ప్రాంతాలనుంచి కరవుకు తాళలేకా, పని వెదుక్కుంటూనూ మన పెద్దలు ఇక్కడికి వచ్చారు. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు వెలసింది. ఇప్పటికీ ముసలివారు దానిని 'జూనీ గిర్ణీ' అనే అంటారు. తరవాత మరికొన్ని మిల్లులు వచ్చినవి, మూతపడినవి. ఇళ్ళలోని చేతిమగ్గాలు మరమగ్గాలకు చోటిచ్చినవి. ఇక్కడి చద్దరుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. చద్దరు పేరు దేశమంతా తెలుసు. దాన్ని నేసినవారి మనవరాలికి మాత్రం నాడె అంటే ఏమిటో తెలియదు. ఆమెకు 'ధోటా' తెలుసు, ఎందుకంటే వీధిలో వినబడేది మరాఠీ మాట. మరాఠీ మన అన్నం పెట్టే భాష, దానిమీద నాకు గౌరవమే తప్ప మరొకటి లేదు. కాని పనిముట్టు పోతే పనిముట్టు పేరు పోతుంది, పేరు పోయినచోట తెలుగు పాఠం నిఘంటువుగా మిగిలిపోతుంది. తెలుగు మాధ్యమంలో పిల్లలు తగ్గిపోతున్నారని ప్రతి సభలోనూ బాధపడుతున్నాము. తగ్గిన పిల్లలకైనా మనం ఇస్తున్న తెలుగు ఏపాటిదని నాకు సందేహం కలిగింది.

విద్యాశాస్త్రం చదివినదానిని గనుక రెండు మాటలు ఆ వైపునుంచి కూడా చెప్పాలి. చేతిపని ద్వారా చదువు అన్న ఆలోచన మన రాష్ట్రంలోనే వార్ధాలో 1937 అక్టోబరులో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా సమావేశంలో రూపుదిద్దుకున్నది. జాకిర్ హుస్సేన్‌గారి సంఘం దానికి ప్రణాళిక వ్రాసింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ 'కార్యానుభవం' అన్నది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘం సమాజోపయోగకరమైన ఉత్పాదక కార్యం అన్నది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలు పదిరోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర గడపాలన్నది. పేర్లు మారుతూ వచ్చినవి. ఆచరణలో మాత్రం చాలా బడులలో అది దుకాణంనుంచి కొనితెచ్చిన కాగితపు పూలుగానూ, పరీక్షకు ముందు రోజు తల్లి కుట్టి ఇచ్చిన రుమాలుగానూ మిగిలింది. మన బడిలోనూ అంతే. ఆ మార్కులు వేసినదానిని నేనే.

వార్ధా పథకంలో ఒక అంశంతో మాత్రం నేను ఏకీభవించలేను. పిల్లలు తయారుచేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చులు వెళ్ళాలన్న ఆశ అందులో ఉన్నది. మన పిల్లలు ఎలాంటి ఇళ్ళనుంచి వస్తున్నారో ఎరిగినదానిని గనుక ఆ తలుపు మొదటిరోజే మూసివేశాను. శిబిరంలో తయారైన ఏ వస్తువునూ అమ్మము. తయారుచేసిన బిడ్డ దానిని ఇంటికి తీసుకొనిపోవలసిందే.

మే 1న మహారాష్ట్ర దినోత్సవ పతాకవందనం ముగిసిన మరునాడు పిల్లలు పెట్టెలతో, పరుపుచుట్టలతో వస్తారు. ఎనిమిది, తొమ్మిది తరగతులు ముగించినవారు, పదవ తరగతి పరీక్ష వ్రాసినవారు. ఇరవై ఒక్క రోజులు ఇక్కడే ఉంటారు. కింది గదులలో బాలురు, మేడమీది గదులలో బాలికలు, బాలికలతో ఇద్దరు ఉపాధ్యాయినులు. చరవాణులన్నీ నా గదిలోని బీరువాలో పెట్టి తాళం వేస్తాము. ఆదివారం సాయంత్రం అరగంట ఇస్తాము. మొదటి మూడు రాత్రులు ఎవరో ఒకరు ఏడుస్తారు. ఏడ్చేది తరచు బాలురే అని చెబితే వారికి కోపం వస్తుంది కాబట్టి చెప్పను. ఎవరి పళ్ళెం వారే కడుగుకోవాలన్న నియమానికి మొదటి ఏట నలుగురు బాలురు అలిగి ఒకపూట అన్నం మానివేశారు. రెండవపూట తిన్నారు, కడిగారు.

ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. మొదటి సంవత్సరం పగలంతా పని పెట్టి నేను పెద్ద పొరపాటు చేశాను. ఒక బాలిక కళ్ళు తిరిగి పడిపోయింది. ప్రమాదమేమీ జరగలేదుగాని, ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆనాటినుంచి ఉదయం ఆరునుంచి తొమ్మిదింటి వరకు, సాయంత్రం అయిదున్నరనుంచి ఆరున్నర వరకు మాత్రమే పని. మధ్యాహ్నం నిద్ర, చదువు, పద్యాలు, లెక్కలు. ఎండ మనుషులకే కాదు, నూలుకు కూడా శత్రువు. పొడిగాలికి నూలు పెళుసుబారి పటపట తెగుతుంది. మన పూర్వులు మగ్గాన్ని గుంటలో దింపి నేసినది చోటు లేక కాదు. నేల చెమ్మ పడుగుకు తగులుతూ ఉంటే పోగు తెగదు. ఇది పిల్లలకు భౌతికశాస్త్ర పాఠంలో ఆర్ద్రత అన్న పేరుతో ఉన్నది. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నప్పుడు చీలమండలకు తగిలిన చల్లదనంతో ఆ పాఠం వారికి అర్థమైనంతగా నా సహోపాధ్యాయుడు ఎంత చెప్పినా అర్థం కాలేదని ఆయనే ఒప్పుకున్నారు.

మాకు నేత నేర్పినవారు ఎనభై దాటిన ఒక తాతగారు. ఆయన మగ్గం భాగాలు ఇంటి అటకమీద ఉండగా, కోడలు వంటచెరకు చేయబోతే ఆపించి తెచ్చుకున్నాము. మొదటి వారం ఆయన పిల్లలను మగ్గం ముట్టనివ్వలేదు. చిలపలు విప్పి రాట్నం మీద కండెలు చుట్టడం, తెగిన పోగును కంటికి ఆననంత చిన్న ముడితో కలపడం, ఇంతే. తెల్లవారుజామున ఆవరణలో చెట్టునుంచి చెట్టుకు పడుగు సాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వించారు. పొద్దెక్కితే గంజి కుంచెకు లొంగక గట్టిపడుతుందని అయిదింటికే లేపేవారు. పాత పడుగు కొసలకు కొత్త పడుగును అతకడం చూడవలసిన పని. వేళ్ళకు బూడిద రాసుకొని, ఒక్కొక్క పోగునూ జతచేసి మెలిపెడతారు. వెయ్యికి పైగా పోగులు. నలుగురు పిల్లలు రెండు ఉదయాలు కూర్చుని పూర్తిచేశారు. ఒక్క పోగు వరుస తప్పితే బట్ట పొడుగునా ఆ తప్పు కనబడుతుంది. పరీక్షలో తప్పు చేస్తే ఒక మార్కు పోతుంది, దానిని మరచిపోతాము. ఇక్కడ తప్పు చేతిలోనే ఉంటుంది, దానిని విప్పి మళ్ళీ అతికినదాకా ముందుకు పోవడానికి వీల్లేదు.

గణిత ఉపాధ్యాయులకు ఈ శిబిరం ఒక గని. నూలు నంబరు అంటే ఏమిటి? ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది ఆ నంబరు. 20వ నంబరు నూలు పౌనుకు 16,800 గజాలు. ఇప్పుడు 27 అంగుళాల పన్నాలో అంగుళానికి 40 పోగుల చొప్పున తువ్వాళ్ళకు ఆరు మీటర్ల పడుగు వేయాలి, నూలు ఎంత కావాలి? పోగులు 1080. మొత్తం పొడవు 6480 మీటర్లు, అంటే సుమారు 7087 గజాలు. అది పౌనులో నూటికి 42 వంతులు, దాదాపు 190 గ్రాములు. ఈ లెక్కను మొదటిసారి తాతగారు నోటితో చెప్పారు, పిల్లలు కాగితం మీద చేశారు, ఇద్దరి జవాబూ దగ్గరగా వచ్చింది. ఆయన ఎన్నవ తరగతి వరకు చదివారని ఒక పిల్లవాడు అడిగాడు. రెండవ తరగతి.

రంగుల పని కూడా చేయిస్తాము. మన జిల్లా దానిమ్మలకు పేరు పొందినది. రసం తీసేవారి దగ్గర తొక్కలు బస్తాలకొద్దీ ఊరికే దొరుకుతాయి. పటిక పట్టించిన నూలును ఆ తొక్కల కషాయంలో ఉడికిస్తే పసుపురంగు వస్తుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి ఊరవేసి, ఆ నీటిలో అదే నూలును ముంచితే కళ్ళముందే ముదురు బూడిదరంగుకు తిరుగుతుంది. మరమగ్గాల షెడ్ల పక్కన ఇనుప ముక్కలకు కొదవ లేదు కదా! బెల్లపు నీటి దుర్వాసనకు పక్క వీధివారు ఫిర్యాదు చేశారన్నది వేరే కథ. అమ్మమ్మలు, నాయనమ్మలు వచ్చి బొంత కుట్టడం నేర్పుతారు. బాలురూ కుడతారు.

ఇక, ఈ ప్రసంగం చేయడానికి నాకు ధైర్యం చాలని భాగానికి వస్తాను.

మొదటి శిబిరం మూడవరోజున ఒక తండ్రి నా గదికి వచ్చాడు. మరమగ్గం కార్మికుడు. రాత్రి పని దిగి నేరుగా వచ్చాడు, భుజాలమీద పీచు అలాగే ఉన్నది. కూర్చోమంటే కూర్చోలేదు. "బాయీ, మా అయ్య ఆ గుంటల కాళ్ళు పెట్టి పెట్టి మోకాళ్ళు పోగొట్టుకున్నడు. నేను సాంచెల మోతకు చెవులు పోగొట్టుకున్న. మా ఇంటామె బీడీలు చుట్టి నా బిడ్డను చదివిస్తున్నది. మీరు మల్ల ఆ గుంటల్నే కూసోబెడ్తరా? దీనికోసమా మేము బడికి పంపినది?" అన్నాడు. గట్టిగానే అన్నాడు. చెవులు వినబడనివారు గట్టిగానే మాట్లాడుతారు.

నా దగ్గర జవాబు లేదు. వార్ధా సమావేశం, కొఠారీ కమిషన్ ఏవీ ఆ గదిలో పనికి రాలేదు. ఆయన సంతకం చేసిన అంగీకార పత్రం నా బల్లమీద ఉన్నది. దానిని చూపించడానికి సిగ్గుపడ్డాను. ఆ పత్రంలో 'హస్తకళా శిబిరం' అన్నామేగాని మగ్గం అన్న మాట వ్రాయలేదు. వ్రాస్తే పంపరేమోనన్న అనుమానం నాకు లోపల ఉన్నది. అంటే నేను చెప్పవలసినది చెప్పకుండా సంతకం తీసుకున్నాను. ఆ బాలిక పెట్టె సర్దుకొని తండ్రి వెనుక వెళ్ళిపోయింది.

ఆ తరువాతి సంవత్సరంనుంచి పద్ధతి మార్చాము. ఏప్రిలులో ప్రతి ఇంటికి మనిషి వెళ్ళి, ఏమి చేయిస్తామో, ఏమి చేయించమో నోటితో చెప్పి వస్తున్నాము. పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఇంటి పనిలో సాయానికి తప్ప ఏ పనిలోనూ నియోగించరాదని, పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్యవారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదని 1986 నాటి చట్టానికి 2016లో సవరణ జరిగింది. మేము దానికంటె కఠినంగా ఉన్నాము. అమ్మకం లేదు, ఇంత నేయాలన్న లెక్క లేదు, రోజుకు నాలుగు గంటలు మించదు, బీడీ పని శిబిరం దరిదాపులకు రానివ్వము. పాలకవర్గం వారిలో ఒకరు, బీడీ కూడా చేతిపనే కదా అన్నారు. పొగాకు ధూళి సంగతి నా ముక్కుకు తెలుసునని మనవి చేశాను.

ఆ తండ్రి ఇంటికి నేనే వెళ్ళాను. బిడ్డను పంపమని అడగలేదు. ఒక ఉదయం వచ్చి చూసి, తప్పులుంటే చెప్పమన్నాను. మే నెలలో ఒకరోజు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పిల్లలు పడుగు బిగిస్తున్నారు, ఒకవైపు వదులుగా, ఒకవైపు బిగువుగా. ఆయన కొంతసేపు చూశాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుగును సరిచేసి, గుంటలోకి దిగి నాలుగు వేళ్ళ బట్ట నేసి లేచాడు. "చిన్నప్పుడు నేసిన" అన్నాడు. ఆయన చేతిమగ్గం ఎరుగునని కూతురికి ఆరోజే తెలిసింది. ఆమె అప్పటికి పదవ తరగతి పూర్తిచేసింది, ఆ ఏడు శిబిరంలో పది రోజులు రంగుల దగ్గర గడిపింది. మగ్గం దగ్గరకు పోలేదు. ఇప్పుడు నర్సింగు చదువుతున్నది. నేత ఆమెకు అక్కరలేదు, నేనూ అడగలేదు.

ఈ శిబిరం నేతగాళ్ళను తయారుచేయదు. ఒక్కరిని కూడా తయారుచేయలేదు. చేతిమగ్గం మీద ఈ ఊళ్ళో ఈనాడు కుటుంబం గడవదని నాకు తెలుసు. మరి ఎందుకని అడిగినవారికి మార్కులలో చూపగల ఫలితం నా దగ్గర లేదు. చూసినది చెప్పగలను. పిల్లలు ఇంటికి వెళ్ళి తాతలను ప్రశ్నలు అడుగుతున్నారు. తండ్రి ఉద్యోగం దరఖాస్తులో వ్రాయవలసినచోట ఇదివరకు 'ప్రైవేటు' అని వ్రాసేవారు. ఇప్పుడు కొందరు 'నేత' అని వ్రాస్తున్నారు. జకార్డు అట్టలలో రంధ్రం ఉన్నచోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు అని తెలుసుకొన్న ఒక బాలుడు, ఇది కంప్యూటరు లెక్కే కదా అన్నాడు. నిజమే. 1804లో జకార్డు చేసిన ఆ ఏర్పాటునుంచే బాబేజి తన యంత్రానికి అట్టల ఆలోచన తీసుకున్నాడు. తండ్రి రోజూ పన్నెండు గంటలు నిలబడే యంత్రం ఎదుట ఆ బాలుడు మొదటిసారి తెలివిగల వస్తువును చూసినట్లు నిలబడ్డాడు.

ప్రవేశ పరీక్షల శిక్షణకు నేను వ్యతిరేకిని కాను. జూన్‌లో పెట్టండి, దీపావళి సెలవులలో పెట్టండి, నేనూ వచ్చి పాఠం చెబుతాను. మే నెల మూడు వారాలు మాత్రం విడిచిపెట్టమని ప్రార్థిస్తున్నాను.

అసలు చిక్కు మరొకటి ఉన్నది. మా తాతగారు రెండేళ్ళ క్రితం కాలం చేశారు. ఆయన దగ్గర నేర్చుకున్న ఇద్దరు పూర్వ విద్యార్థినులు, నేను చెప్పిన ఆ తండ్రి కలిసి గత వేసవి నడిపించారు. ఆయన సెలవు పెడితే కూలి పోతుంది. ఆ కూలి మేరకు గౌరవవేతనం ఇవ్వాలని పాలకవర్గాన్ని కోరుతున్నాను. పూర్వ విద్యార్థులలో ఎవరి ఇంటి అటకమీదనైనా అచ్చు, పన్నె, నాడె, రాట్నం ఏవి ఉన్నా పారవేయకుండా బడికి కబురు చేయండి. మేమే వచ్చి తీసుకొనిపోతాము. పనిచేసే స్థితిలో లేకపోయినా ఫరవాలేదు. ఇంట్లో నేత ఎరిగిన పెద్దలుంటే, వారిని ఒక్క ఉదయం మా దగ్గరకు తీసుకొనిరండి. నడవలేకపోతే రిక్షా ఖర్చు బడి భరిస్తుంది.

వచ్చే శిబిరానికి పేర్లు ఏప్రిలు మొదటి వారంలో నా గదిలో నమోదు చేస్తాము. అంగీకార పత్రంలో ఈసారి మగ్గం అన్న మాట మొదటి పంక్తిలోనే ఉంటుంది. పిల్లలు తెచ్చుకోవలసినవి ఒక పళ్ళెం, ఒక గ్లాసు, మూడు జతల పాత నూలుబట్టలు, పరుచుకోవడానికి ఒక చద్దరు. కొత్త చద్దరు వద్దు, రంగుల మరకలు పడతాయి.